నిలువు గీత, వాలు గీత: దూరాన ఉన్న వాద్యకారుల కోసం చిత్ర స్వరలిపి

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• చిత్ర స్వరలిపి అంటే ఏమిటో, మామూలు స్వరలిపికి అది ఎక్కడ భిన్నమో వివరించగలుగుతారు.
• వేర్వేరు ఊళ్ళలో ఉన్న వాద్యకారులు కలిసి వాయించేటప్పుడు జాప్యం ఎందుకు వస్తుందో లెక్కతో సహా చెప్పగలుగుతారు.
• ఇలాంటి రచనలను మూడు ప్రశ్నల ఆధారంగా పరిశీలించి మీ సొంత అభిప్రాయం ఏర్పరచుకోగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న గురువుల దగ్గర ఇంటర్నెట్ ద్వారా కర్ణాటక సంగీతం నేర్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ తరగతి ఎలా నడుస్తుందో మీలో కొందరు చూసే ఉంటారు. గురువు ఒక సంగతి పాడతారు, శిష్యురాలు దాన్ని తిరిగి పాడుతుంది. అంతవరకు ఇబ్బంది లేదు. ఇద్దరూ కలిసి తాళం వేస్తూ పాడదామని చూస్తే మాత్రం పాఠం చెదిరిపోతుంది. శిష్యురాలు వెనకబడిందని గురువుకు అనిపిస్తుంది. తాను గురువుతో సరిగ్గా కలిసే పాడానని శిష్యురాలు అనుకుంటుంది. ఇద్దరి చెవులూ నిజమే చెబుతున్నాయి.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తోంది. దూరం సంగీతాన్ని మొత్తంగా అడ్డుకోదు, కొన్ని సంగీత రూపాలను మాత్రమే అడ్డుకుంటుంది. ఒకరి తరవాత ఒకరు పాడే రూపం దూరాన్ని తట్టుకుంటుంది. ఒక్కసారిగా కలిసి పాడే రూపం తట్టుకోలేదు. మరి దూరంగా ఉన్నవాళ్ళ కోసమే ఒక రచన చేయాలంటే స్వరకర్త కాగితం మీద ఏం రాయాలి?

ఈ ప్రశ్నకు తరచు వినిపించే జవాబు చిత్ర స్వరలిపి, అంటే గ్రాఫిక్ నొటేషన్. గీతలు, గడులు, మచ్చలు, ఆకారాలు ఉన్న స్కోరును వాద్యకారులు తమకు తోచినట్టు చదువుకోవచ్చు కనుక కొంచెం ముందువెనకలైనా నష్టం లేదని ఈ వాదం. ఇందులో సగమే నిజమని నా అభిప్రాయం. చిత్ర స్వరలిపి దూరానికి పనికొస్తుంది. అయితే అది స్వేచ్ఛనివ్వడం వల్ల కాదు, వేరే కారణం వల్ల. ఆ కారణాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

9.2 స్వరలిపి రాసేది, వదిలేసేది

ఏ స్వరలిపీ సంగీతాన్ని మొత్తంగా రాయదు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ప్రచురించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఇందుకు మంచి ఉదాహరణ. అందులో స్వరాలతో పాటు గమకాలకు కూడా గుర్తులు ఉన్నాయి. అంత శ్రద్ధగా రాసినా ఆ గుర్తు గొంతులో ఎలా పలకాలో గురుముఖతః విన్నవారికే పూర్తిగా బోధపడుతుంది. లిపి వదిలేసిన దాన్ని సంప్రదాయం నింపుతుంది.

పాశ్చాత్య స్వరలిపిలో ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. గీతల మీద పైకి వెళ్ళేకొద్దీ స్థాయి పెరుగుతుంది. అనేక వాద్యాలకు రాసిన స్కోరులో ఇంకో నియమం కూడా ఉంది. ఒకే నిలువు వరసలో ఉన్న స్వరాలన్నీ ఒకే క్షణంలో మోగాలి. పుటను పైనుంచి కిందికి కోసే ఆ నిలువు గీత 'అందరికీ ఇప్పుడు' అని చెబుతుంది. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. మన చర్చ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1950లో అమెరికన్ స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ ఒంటరి చెల్లో కోసం 'ప్రొజెక్షన్ 1' అనే రచనను గడుల్లో రాశాడు. ఏ గడిలో వాయించాలో, ఎంతసేపు వాయించాలో, స్వరం పై స్థాయిలో ఉండాలా, నడిమి స్థాయిలోనా, కింది స్థాయిలోనా అన్నది ఆయన చెప్పాడు. ఏ స్వరం అన్నది చెప్పలేదు. ఎర్ల్ బ్రౌన్ 'డిసెంబర్ 1952' ఇంకా ముందుకు వెళ్ళింది. ఒకే పుట, దాని మీద రకరకాల మందంతో అడ్డంగా, నిలువుగా గీతలు. ఆ పుటను నాలుగు వైపుల్లో ఎటు తిప్పి అయినా చదవవచ్చు. ఏ వాద్యాలైనా వాడవచ్చు, ఎంతసేపైనా వాయించవచ్చు.

ఇంగ్లండుకు చెందిన కార్నెలియస్ కార్డ్యూ 1963–67 మధ్య గీసిన 'ట్రీటిజ్' ఈ మార్గంలో అతి పెద్ద రచనల్లో ఒకటి. అందులో 193 పుటలు ఉన్నాయి. పుటల మధ్యగా ఒక గీత సాగుతూ ఉంటుంది. దాని చుట్టూ వృత్తాలు, త్రిభుజాలు, వంపులు, అంకెలు పుట్టి పెరిగి కరిగిపోతుంటాయి. ఏ గుర్తుకు ఏ అర్థమో స్కోరులో ఎక్కడా చెప్పలేదు. కార్డ్యూ గ్రాఫిక్ డిజైనరుగా కూడా పనిచేసినవాడు. ఆ చేతి నేర్పు ప్రతి పుటలోనూ కనిపిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అనేక వాద్యాల స్కోరులో నిలువు వరస ఏమి సూచిస్తుంది? 'డిసెంబర్ 1952'లో ఆ నియమం ఎందుకు నిలవదు?

9.3 దూరం తెచ్చే జాప్యం

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. ఒకే వేదిక మీద మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న వాద్యం మీ చెవికి చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒకే గదిలో కూడా జాప్యం ఉంది, కానీ దానికి మనం అలవాటుపడిపోయాం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్, ఆయన సహచరులు వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరి చేత కలిసి చప్పట్లు కొట్టించి, వారి మధ్య జాప్యాన్ని మారుస్తూ పరిశీలించారు. జాప్యం సుమారు 11 మిల్లీసెకన్ల దగ్గర ఉన్నప్పుడు లయ నిలకడగా ఉంది. అంతకంటె ఎక్కువైతే లయ నెమ్మదించింది, తక్కువైతే వేగం పెరిగింది.

ఇప్పుడు దూరాన్ని పెంచి చూద్దాం. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. స్టాన్‌ఫర్డ్ నుంచి బీజింగుకు నేరు దూరం దాదాపు 9,500 కిలోమీటర్లు. తీగ నేరుగా వేసినా ఒకవైపు ప్రయాణానికే 47 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. నిజానికి తీగలు నేరుగా పోవు. మధ్యలో యంత్రాలు కూడా కొంత సమయం తీసుకుంటాయి. కాబట్టి అసలు జాప్యం ఇంతకంటె చాలా ఎక్కువ. ఎంత మంచి యంత్రం వచ్చినా ఈ కనీస పరిమితిని దాటలేదు, ఎందుకంటే అది కాంతి వేగం పెట్టిన హద్దు.

2008లో ఈ రెండు చోట్ల ఉన్న వాద్యకారులు టెర్రీ రైలీ 1964లో రాసిన 'ఇన్ సి'ని నెట్‌వర్కు ద్వారా కలిసి వాయించారు. అది చిత్ర స్వరలిపి కాదు. అందులో 53 చిన్న స్వర పదాలు ఉంటాయి. ఒక్కొక్క పదాన్ని ఎన్నిసార్లు వాయించి తరవాతి దానికి వెళ్ళాలో ఎవరికి వారు నిర్ణయించుకుంటారు. రచనలోనే ముందువెనకలకు చోటుంది కనుక దూరాన్ని ఎదుర్కోవడానికి అది తగిన ఎంపిక.

ఇంకొక దారి కూడా ఉంది. నింజామ్ అనే సాఫ్ట్‌వేర్ జాప్యాన్ని తగ్గించడానికి ప్రయత్నించదు, పైగా దాన్ని కావాలని పెంచుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఒక పూర్తి ఆవర్తం నిడివి దాకా పెంచుతుంది. ప్రతి వాద్యకారుడూ తోటివారి గత ఆవర్తాన్ని వింటూ తన ఈ ఆవర్తాన్ని వాయిస్తాడు. లయ కలుస్తుంది. అయితే ఏ ఇద్దరూ వినేది ఒకే సంగీతం కాదు.

9.4 పరిశీలనకు మూడు ప్రశ్నలు

దూరాన ఉన్న వాద్యకారుల కోసం చేసిన రచన, లేదా వారు వాయించడానికి ఎన్నుకున్న రచన, ఏది మీ ముందుకు వచ్చినా ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి.

(1) స్కోరు వాద్యకారుణ్ణి దేనికి బాధ్యుణ్ణి చేస్తోంది?
(2) అందరూ ఒకే గదిలో కూర్చుని వాయించినా రచన ఇలాగే ఉంటుందా? ఉంటే దూరాన్ని స్వరకర్త రాయలేదు, భరించాడంతే.
(3) ఏ ఊరి శ్రోత వినేది అసలు రచన?

9.4.1 బ్రౌన్, కార్డ్యూ

'డిసెంబర్ 1952'ను పది దేశాల వాళ్ళు కలిసి వాయించినా ఎక్కడా తప్పు వినిపించదు. కొందరు దీన్నే దాని గొప్పతనంగా చెబుతారు. కానీ రెండో ప్రశ్న వేసి చూడండి. ఒకే గదిలో వాయించినా రచన ఇలాగే ఉంటుంది. తప్పు వినిపించకపోవడానికి కారణం అందులో తప్పు అనేదానికి చోటే లేకపోవడం. ఆ పుట అందమైనది, చరిత్రలో ముఖ్యమైనది కూడా. అయినా దాన్ని దూరానికి సరిపోయిన రచన అని మెచ్చుకోవడం అది చేయని పనికి దాన్ని పొగడడమే అవుతుంది.

'ట్రీటిజ్' సంగతి వేరు. గుర్తుల అర్థం స్కోరులో లేదు కనుక వాయించే బృందం దాన్ని ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు వృత్తం దేనికి గుర్తు, మధ్య గీత తెగితే ఏం చేయాలి అన్నవి. ఒకసారి ఒప్పుకున్నాక ఆ ఒప్పందానికి కట్టుబడి ఉండాలి. ఇక్కడ బాధ్యత ఉంది. అది స్వరకర్త పట్ల కాదు, తోటి వాద్యకారుల పట్ల. వేర్వేరు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఇది చాలా విలువైన విషయం. శబ్దం ఆలస్యంగా వస్తుంది కానీ స్కోరు అలా కాదు. అది అందరి చేతిలోనూ ముందే, పూర్తిగా ఉంది. ఒకే పాఠ్యపుస్తకాన్ని వేర్వేరు ఊళ్ళలో చదువుకుంటున్న మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అయినా 'ట్రీటిజ్' కూడా దూరాన్ని రాయలేదు. అది దూరాన ఉన్నవాళ్ళను కలపగలదు, వారి మధ్య ఉన్న ఎడాన్ని మాత్రం వినిపించలేదు.

9.4.2 న్యూహాస్, ఒలివెరోస్

దూరాన్నే వాద్యంగా చేసుకున్నవాడు మాక్స్ న్యూహాస్. 1966లో న్యూయార్కులోని డబ్ల్యూబీఏఐ రేడియో కేంద్రంలో 'పబ్లిక్ సప్లై' చేశాడు. శ్రోతలు ఫోను చేసి శబ్దాలు చేస్తే వాటిని అక్కడికక్కడే కలిపి ప్రసారం చేశాడు. 1977లో 'రేడియో నెట్' ద్వారా ఇదే పనిని అమెరికా అంతటికీ విస్తరించాడు. జనం ఈలలు వేశారు. ఆ ఈలలు పబ్లిక్ రేడియో కేంద్రాలను కలిపే తీగల్లో చుట్టూ తిరిగి, ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ వినిపించాయి. తీగల వలయం లేకపోతే ఆ రచనే లేదు. రెండో ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు దొరకడం కష్టం. కానీ ఈల వేసినవారి ముందు స్కోరు లేదు. వాళ్ళు సరుకు అందించారు, దాన్ని మలచింది న్యూహాస్. మొదటి ప్రశ్న దగ్గర ఈ రచన బలహీనపడుతుంది.

పాలీన్ ఒలివెరోస్ (1932–2016) 'ట్యూనింగ్ మెడిటేషన్' బొమ్మ కాదు, మాటల్లో రాసిన స్కోరు. పోలిక కోసం ఇక్కడ చూద్దాం. మొదట మీకు తోచిన స్వరం ఒక శ్వాస నిడివి పాడాలి. తరవాతి శ్వాసలో వేరొకరి నుంచి విన్న స్వరంతో కలపాలి. ఆపై ఎవరూ పాడని స్వరం పాడాలి. 2020లో కోవిడ్ కారణంగా అందరూ ఇళ్ళకే పరిమితమైనప్పుడు జూమ్ ద్వారా అనేక దేశాల వాళ్ళు దీన్ని కలిసి పాడారు. ఇందులో తాళం లేదు, కొలత శ్వాస. వినడమే బాధ్యత. అందుకే జాప్యం దీన్ని చెడగొట్టలేకపోయింది. ఒక చిక్కు మాత్రం వచ్చింది. 'ఎవరూ పాడని స్వరం' అన్నది ఒక గదిలో అందరికీ ఒకటే. దూరంలో అలా కాదు. నాకు వినిపించని స్వరాన్ని ఆ క్షణంలో మరో దేశంలో ఎవరో పాడుతూ ఉండవచ్చు. దీనికి తోడు, ఇలాంటి సాఫ్ట్‌వేరు మనిషి మాటల కోసం తయారైంది. నిలకడగా సాగే స్వరాన్ని అది రొద అనుకుని అణచివేసే అవకాశం ఉంది. కాబట్టి నిబంధన ఒకటే అయినా ఎవరి చెవికి వారి సంగీతం.

9.4.3 కదిలే స్కోరు

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన డెసిబెల్ బృందం, దాని స్వరకర్తలు క్యాట్ హోప్, లిండ్సే వికరీ తదితరులు, చిత్ర స్వరలిపిని తెర మీదికి తెచ్చారు. వారి స్కోరు ఐప్యాడ్ తెర మీద కుడి నుంచి ఎడమకు జరుగుతుంది. తెరకు అడ్డంగా ఒక నిలువు గీత కదలకుండా నిలిచి ఉంటుంది. ఏ ఆకారం ఆ గీతను తాకితే ఆ క్షణంలో దాన్ని వాయించాలి. కోవిడ్ కాలంలో ఈ బృందం రెండేసి నిమిషాల రచనలను, ఎవరి ఇంట్లో వారు వాయించి, ఒకటిగా కూర్చింది.

ఈ పద్ధతిలో కచ్చితత్వం ఉంది. గడియారం స్కోరులోనే ఉంది కనుక బొమ్మ వదులుగా ఉన్నా కాలం బిగువుగా ఉంటుంది. 'చిత్ర స్వరలిపి అంటే ఇష్టమొచ్చినట్టు' అనే అపోహకు ఇదే మంచి సమాధానం. అయితే ఎవరి ఇంట్లో వారు తెరను చూస్తూ వాయించినప్పుడు ఒకరినొకరు వినవలసిన అవసరం లేకుండా పోతుంది. అలా జాప్యం సమస్య తీరిపోతుంది, కానీ చెవిని పక్కన పెట్టినందువల్లే తీరుతుంది. వాళ్ళు కలిసి చదివారు. కలిసి వాయించినట్టు తోచడం కూర్పు చేసిన పని. తెర మీద ఆ నిలువు గీతను గమనించండి. 9.2లో చూసిన 'అందరికీ ఇప్పుడు' అన్న గీతే మళ్ళీ తిరిగి వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
'ట్రీటిజ్', 'రేడియో నెట్' – ఈ రెంటిలో మొదటి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులను పోల్చండి.

9.5 వాలు గీత

ఇప్పుడు ఒక గ్రాఫ్ కాగితం తీసుకోండి. అడ్డంగా కాలం, ఒక సెంటీమీటరుకు ఒక సెకను. పైన ఒక పట్టీ గీసి 'క ఊరు' అని, కింద ఇంకొక పట్టీ గీసి 'గ ఊరు' అని రాయండి. రెండు ఊళ్ళ మధ్య జాప్యాన్ని, నింజామ్‌లో లాగా, కావాలని 4 సెకన్లకు పెంచామని అనుకుందాం.

క ఊరి వాద్యకారిణి సున్నా దగ్గర మొదలుపెట్టి 6 సెకన్లు ఒక స్వరం వాయిస్తుంది. అది గ ఊరిలో 4 నుంచి 10 వరకు వినిపిస్తుంది. సున్నా నుంచి 4కు ఒక గీత, 6 నుంచి 10కి ఒక గీత పై పట్టీ నుంచి కింది పట్టీకి కలపండి. రెండూ వాలుగా వస్తాయి. రైల్వే కంట్రోలు గదిలో ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు పోయే రైలును చార్టు మీద చూపించే గీత కూడా ఇలాగే వాలుగా ఉంటుంది. ఇక గ ఊరి వాద్యకారుడికి సూచన: 'స్వరం ఆగిన వెంటనే జవాబు వాయించు.' అతను 10 దగ్గర మొదలుపెడతాడు. అది క ఊరికి 14 దగ్గర చేరుతుంది.

రెండు ఊళ్ళలో కూర్చున్న శ్రోతలు ఏం విన్నారో చూడండి. గ ఊరిలో ప్రశ్న ముగియగానే జవాబు వచ్చింది. క ఊరిలో ప్రశ్న 6 దగ్గర ముగిసింది, జవాబు 14 దగ్గర వచ్చింది. మధ్యలో 8 సెకన్ల నిశ్శబ్దం. ఒకచోట చురుకైన సంభాషణ, మరొకచోట బదులు కోసం నిరీక్షణ. ఇద్దరు వాద్యకారులూ స్కోరును తు.చ. తప్పకుండా పాటించారు. మూడో ప్రశ్నకు ఇక్కడ జవాబు స్పష్టంగా ఉంది: రెండూ అసలు రచనలే.

మామూలు స్కోరు ఈ సంగతిని నేరుగా చూపలేదు. అందులో నిలువు వరస అందరికీ ఒకే క్షణమని ముందే ఒప్పుకున్నాం. దూరం మధ్యకు రాగానే ఆ మాట అబద్ధమవుతుంది. చిత్ర స్వరలిపి ఆ గీతను వాల్చగలదు. ఒకే పుట మీద రెండు ఊళ్ళ కాలాలను పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ఎడాన్ని కంటికి చూపగలదు. దూరానికి అది పనికొచ్చేది ఇందుకే. వాద్యకారుణ్ణి వదిలేసినందుకు కాదు, అతని ఆలస్యానికి కూడా పుట మీద చోటిచ్చినందుకు.

ఇందులో ఒక పరిమితి ఉంది. నిజమైన నెట్‌వర్కు జాప్యం పదో వంతు సెకను అనుకుంటే మన కాగితం మీద అది ఒక మిల్లీమీటరు. ఆ వాలు కంటికి ఆనదు. కాబట్టి స్వరకర్త జాప్యాన్ని కావాలని పెంచి రాయాలి, లేదా ప్రతి జవాబూ వెనకటి జవాబు మీద ఆధారపడేలా గొలుసుగా రాసి ఆ చిన్న ఎడం క్రమంగా పేరుకునేలా చూడాలి. రెండూ చేయకుండా 'దూరం కోసం రాశాను' అంటే విమర్శకులుగా మీరు ఒప్పుకోనక్కరలేదు.

9.6 ఇది ఎవరి రచన?

చివరిగా ఒక చిక్కు ప్రశ్న. స్కోరులో స్వరాలు లేనప్పుడు వినిపించే సంగీతంలో చాలా భాగం వాద్యకారులదే. అయినా కార్యక్రమ పత్రం మీద పెద్ద అక్షరాల్లో స్వరకర్త పేరే ఉంటుంది. ఫెల్డ్‌మన్ 1960ల చివరికి గడుల లిపిని విడిచిపెట్టాడు. తన రచనలు విముక్తం చేయాలనుకున్నది శబ్దాన్ని గాని వాద్యకారులను కాదని ఆయన గుర్తించాడు. కార్డ్యూ వేరే దారిలో వెళ్ళి, 1970లలో రాజకీయ కారణాలతో తన పాత ప్రయోగాలనే, 'ట్రీటిజ్'తో సహా, తప్పుపట్టాడు. ఇద్దరినీ బాధించిన ప్రశ్న మూలంలో ఒకటే: ఖాళీ వదిలిన చోట ఎవరి ఇష్టం చెల్లుతుంది?

దూరం ఈ ప్రశ్నను మరింత పదును పెడుతుంది. ఒకే గదిలో ఉంటే ఒక చూపుతో, తల ఊపుతో సర్దుకోవచ్చు. దూరంలో ఆ వీలు తక్కువ. స్కోరు చెప్పనిది చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. అందువల్ల దూరానికి రాసే స్వరకర్త బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. స్వరాలను వదిలేయవచ్చు. ఎవరు ఎవరిని వినాలి, ఎంతసేపు ఆగాలి, వినపడకపోతే ఏం చేయాలి అన్నవి మాత్రం వదిలేయకూడదు. అవి రాసి ఉన్న స్కోరును వాయించినవారికి కూడా రచనలో వాటా ఉందని పత్రం మీద చెప్పడం న్యాయం.

9.7 సారాంశం

దూరాన ఉన్న వాద్యకారుల మధ్య జాప్యం తప్పదు. దాన్ని లోపంగా చూస్తే దాచవలసి వస్తుంది, రచనలో భాగంగా చూస్తే రాయవలసి వస్తుంది. బ్రౌన్ పుట దూరాన్ని పట్టించుకోదు. కార్డ్యూ పుటలు వాద్యకారులను ఒప్పందంతో కలుపుతాయి. న్యూహాస్ దూరాన్ని వాద్యంగా చేశాడు, కానీ పాల్గొన్నవారికి స్కోరు ఇవ్వలేదు. ఒలివెరోస్ వినడాన్నే నిబంధన చేసింది. డెసిబెల్ ఇళ్ళ నుంచి చేసిన రచనలు కాలాన్ని బిగించి చెవిని పక్కన పెట్టాయి. చిత్ర స్వరలిపి అసలు బలం ఒకే పుట మీద రెండు కాలాలను చూపగలగడం.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఫైబర్ తీగలో కాంతి వేగం ఆధారంగా, 6,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ళ మధ్య ఒకవైపు కనీస జాప్యాన్ని లెక్కించండి. అంత జాప్యంలో తాళబద్ధంగా కలిసి వాయించడం సాధ్యమేనా?
2. కదిలే స్కోరు పద్ధతిలోని మేలు, లోటు వివరించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. 'చిత్ర స్వరలిపి స్వేచ్ఛనిస్తుంది కనుక దూరానికి తగినది' – ఈ వాదాన్ని పరీక్షించండి. పాఠంలోని అభిప్రాయంతో మీరు విభేదిస్తే కారణాలు చూపండి.
2. 9.5లోని పద్ధతిలో రెండు ఊళ్ళకు ఒక నిమిషం రచన గీయండి. ఏ ఊరి శ్రోత ఏమి వింటాడో విడివిడిగా రాసి, మూడు ప్రశ్నల ఆధారంగా మీ రచనను మీరే విమర్శించండి.